కారమెల్ చేసే ముందు డాక్టరు మాట

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి: "డాక్టరు గారూ, మా అమ్మాయి డల్లాసు నుంచి వస్తూ స్లో కుక్కరొకటి తెచ్చింది. అందులో తియ్యని డబ్బా పాలు ఎనిమిది గంటలు పెట్టి కారమెల్ అని ఒకటి చేసింది. అక్కడ ఆపిలు ముక్కల్ని దానిలో అద్దుకుని తింటారట. రుచి చాలా బాగుంది, కాదనను. కాని డబ్బా మూత తియ్యకుండానే నీళ్ళలో పెట్టేసింది. అది పేలదా? మా వారికి పదకొండేళ్ళుగా షుగరు. పంచదార ఎర్రగా కాగితే దాని దోషం పోతుందని ఆయన వాదన. మా అబ్బాయి కొడుక్కి ఏడో నెల, వాడికి వేలితో నాకించవచ్చునా? అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల. తను రోజూ రెండు పూటలా తింటోంది. ఏం చెప్పమంటారు?"

వంట గురించి అడిగినట్టుంది గాని, నిజానికి ఇందులో అయిదారు వైద్య ప్రశ్నలున్నాయి. ఇటువంటి కుక్కర్లు ఇప్పుడు మన ఊళ్ళలోనూ అమ్ముతున్నారు. విదేశాల్లో పిల్లలున్న ఇళ్ళలో అయితే చెప్పనక్కరలేదు. కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు ఆ పదార్థమేమిటో చూద్దాం. అమెరికాలో సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఆపిలు కోతల కాలం. అక్టోబరు 31న వాళ్ళకి హాలోవీన్ పండుగ. ఆ రోజుల్లో ఆపిలు పండుకి పుల్ల గుచ్చి, వేడి కారమెల్‌లో ముంచి తీసి, ఆరబెట్టి పిల్లలకిస్తారు. అంత శ్రమ పడలేనివాళ్ళు కారమెల్‌ని గిన్నెలో పోసి బల్ల మీద పెడితే, చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆపిలు ముక్కలు అద్దుకు తింటారు. అర్జెంటీనాలో ఇటువంటి దానినే దుల్చె దె లెచె అంటారు. పాలూ పంచదారా గంటల తరబడి కాచి చేస్తారు. మెక్సికోలో మేకపాలతో చేస్తారు, దాని పేరు కహేత. ఇంతా చేస్తే ఇది మన పాలకోవాకి కొంచెం పలచనైన చెల్లెలే!

ఆ స్లో కుక్కరూ మనకేమీ కొత్తది కాదు. పల్లెటూళ్ళలో పుట్టినవాళ్ళకి దాలి గుర్తుండే ఉంటుంది. పెరట్లో గుంట తీసి, పిడకలు పేర్చి నిప్పు రాజేసి, పైన పాలకుండ పెట్టేవారు. పొద్దున పెడితే సాయంత్రానికి పాలు లేత ఎరుపు తిరిగి, పైన అరచేతి మందాన మీగడ కట్టేది. ఆ ఎరుపే ఇక్కడి అసలు విషయం. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన ఇటువంటి కరెంటు కుండకి 1940లో పేటెంటు పొందాడు. లిథువేనియాలో తన అమ్మమ్మల కాలంలో, విశ్రాంతి దినం కోసం చిక్కుడుగింజల వంటకాన్ని రొట్టెల భట్టీలో రాత్రంతా ఉంచేవారన్న కథ వాళ్ళమ్మ చెప్పగా విని ఆ ఆలోచన చేశాడట. 1971 నుంచి అది క్రాక్-పాట్ అనే పేరుతో ఇంటింటికీ పాకింది. మనవాళ్ళు దాలికి పేటెంటు తీసుకోలేదు, అంతే తేడా.

పాలు ఎర్రబడడానికీ, పంచదార మాడడానికీ తేడా ఉంది. వట్టి పంచదారను మూకుట్లో వేసి కాస్తే సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక కరిగి, రంగు మారి, చేదు కలిసిన తీపి వాసన వేస్తుంది. అది అసలు కారమెల్. స్లో కుక్కరు ఎంతసేపు మూల్గినా నీళ్ళు మరిగే వేడిని, అంటే 100 డిగ్రీలను దాటదు. ఆ వేడికి పంచదార మాడదు. అయితే పాలలోని మాంసకృత్తులకీ, పాలలో సహజంగా ఉండే చక్కెరకీ మధ్య నెమ్మదిగా ఒక రసాయన చర్య జరుగుతుంది. దాన్ని మొదట వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి పేరు మీద మయ్యార్ చర్య అంటారు. రొట్టె పైన ఎరుపు, కాఫీ గింజ వేయించినప్పుడు వాసన, దాలిలో పాల రంగు అన్నీ ఆ కోవలోవే. ఈ చర్యలో ఖర్చయ్యే చక్కెర బహు స్వల్పం. డబ్బాలో పడ్డ పంచదార పడ్డట్టే ఉంటుంది. ఈ ముక్క ఉత్తరం రాసినావిడ భర్త గారు ముఖ్యంగా చదవాలి. ఆయన సంగతికి మళ్ళీ వస్తాను.

డబ్బా పేలుతుందా?

పేలవచ్చు. మూసిన డబ్బాను నీళ్ళలో మరిగించే అలవాటు చాలా దేశాల్లో ఉంది. చాలాసార్లు ఏమీ కాదు కూడాను. ఏమీ కానన్నాళ్ళూ అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. డబ్బా నిండా నీళ్ళున్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలకు మించదు. ఎనిమిది గంటల్లో నీళ్ళు ఇంకిపోయి డబ్బా సగం బయటపడిందనుకోండి, అడుగు భాగం నేరుగా కాలుతుంది, లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడ అతుకు బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. రింగు పట్టుకు లాగే మూతలున్న డబ్బాలు మరీ సున్నితం. ప్రెషర్ కుక్కర్లో పెట్టేవారున్నారు. అక్కడ వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది, ఆ పని అసలే చెయ్యకండి. డబ్బా పాలు తయారుచేసే కంపెనీలవారు కూడా మూత తియ్యకుండా కాచవద్దనే చెబుతున్నారు.

పేలకపోయినా ఇంకో ప్రమాదముంది. స్టవ్వు కట్టేసి, ఇంకా చెయ్యి కాలే డబ్బాకి ఆత్రంగా చిల్లు పెడతారు. లోపలి ఒత్తిడికి మరిగే పాకం పిచికారీ కొట్టినట్టు ముఖాన పడుతుంది. పక్కన గట్టు అంచున గడ్డం ఆనించి చూస్తున్న పిల్లవాడి కళ్ళు సరిగ్గా ఆ ఎత్తుకే ఉంటాయి.

క్షేమమైన పద్ధతి చాలా సులువు. డబ్బా మూత ముందే తీసి, పాలను ఒక స్టీలు గిన్నెలో పోయండి. గిన్నెకి పైన రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి. దాని మీద అల్యూమినియం రేకు బిగించి కప్పి, నీటిచుక్క లోపలికి పోకుండా అంచులు నొక్కండి. స్లో కుక్కర్లో గిన్నె సగం మునిగేటట్టు వేడినీళ్ళు పోసి, కుక్కరు మూత పెట్టి, తక్కువ సెగ మీద ఎనిమిది నుంచి పది గంటలు వదిలెయ్యండి. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్ళు చూసుకోవాలి. తగ్గితే వేడినీళ్ళే పొయ్యాలి. గాజుసీసా వాడేవారుంటారు. పచ్చడి సీసాలన్నీ వేడికి ఆగవు, చన్నీళ్ళు తగిలితే ఠప్పున పగులుతాయి. స్లో కుక్కరు లేనివాళ్ళు అదే గిన్నెను, అదే రేకు కప్పుతో, ప్రెషర్ కుక్కర్లో పప్పు పెట్టినట్టు పెట్టి, కూత వచ్చాక సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచితే చాలు. ఆవిరంతా దానంతట అదే పోయేదాకా మూత తియ్యకూడదు. చల్లారాక గరిటెతో బాగా గిలకొట్టి, చిటికెడు ఉప్పు, చెంచాడు వెన్న, కావలసినంత కాచిన పాలు కలిపితే జారుగా వస్తుంది. ఆపిలే కానక్కరలేదు, మన జామపండు దీనికి బాగా నప్పుతుంది. కోసిన ఆపిలు ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచి తియ్యండి.

మిగిలినది శుభ్రమైన సీసాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. డబ్బా పాలు చెడకపోవడానికి కారణం వాటిలోని పంచదార చిక్కదనం. మనం పాలూ వెన్నా కలిపి పలచన చేశామంటే ఆ రక్షణ తగ్గిందన్నమాట. వారం రోజుల్లో వాడెయ్యడం మంచిది. కుక్కరు కట్టేసి, గోరువెచ్చగా ఉందిలే అని రాత్రంతా అలాగే వదలకూడదు. వండిన పదార్థం ఏదైనా సరే, 60 డిగ్రీలకు పైన వేడిగానన్నా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానన్నా ఉండాలి, నడిమి వేడిలో రెండు గంటలు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం. అందరూ ఒకే గిన్నెలో కొరికిన ముక్కనే మళ్ళీ మళ్ళీ ముంచకుండా ఎవరి గిన్నెలో వారికి వడ్డించండి. ఎంగిలి పట్టింపు మనకి పెద్దవాళ్ళు నేర్పినదే, ఇక్కడ పనికొస్తుంది.

పాకం ఒంటి మీద పడితే

అసలు పంచదారతో, స్టవ్వు మీద, పెద్ద మంటతో కారమెల్ చేసేవాళ్ళకీ, సంక్రాంతికి అరిసెల పాకం పట్టేవాళ్ళకీ ఈ భాగం సమానం. మరిగే నీళ్ళు 100 డిగ్రీలు. అరిసెల ఉండపాకం 115 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. కారమెల్ 160 దాటి ఉంటుంది. నీళ్ళు పడితే జారిపోతాయి, పాకం చర్మాన్ని పట్టుకుని వదలదు. పట్టుకున్నంతసేపూ కాలుస్తూనే ఉంటుంది. అందుకే వెడల్పులో చిన్నదిగా కనిపించిన పాకం గాయం లోతులో పెద్దదవుతుంది.

సంక్రాంతి రోజుల్లో మా ఆస్పత్రికి ఇటువంటి కేసులు వస్తూనే ఉంటాయి. ఒక ఏడాది నాలుగేళ్ళ పిల్లను తీసుకొచ్చారు. చెయ్యంతా తెల్లగా టూత్‌పేస్టు, దానిపైన ఎవరో చల్లిన కాఫీపొడి. "ఏం చేశారమ్మా?" అంటే, "చల్లగా ఉంటుందని రాశామండీ, రక్తం కారుతుందేమోనని మా అత్తగారు కాఫీపొడి అద్దారండీ" అంది తల్లి. గాయం ఎంత లోతో చూడాలంటే ముందు ఆ పూతంతా కడగాలి. ఆ కడగడానికి పిల్ల పెట్టిన కేకలు వార్డంతా విన్నది. తల్లిని ఏమనగలం? ఆమెకెవరూ చెప్పలేదు.

చెయ్యవలసింది ఒక్కటే ముఖ్యం. కాలిన చోటును వెంటనే కుళాయి కింద, మామూలు చల్లని నీటి ధారలో, 20 నిమిషాలు ఉంచాలి. గడియారం చూసి మరీ 20 నిమిషాలు. పాకం అయితే నీళ్ళకు దానంతటదే కరిగి పోతుంది, గోళ్ళతో గీకి ఊడదీయకూడదు. అలా చేస్తే చర్మం ఊడి వస్తుంది. గాజులు, ఉంగరాలు, మొలతాడు వాపు రాకముందే తీసెయ్యాలి. అంటుకుపోని బట్టలు తీసెయ్యాలి, అంటుకున్నవి వదిలెయ్యాలి. మంచుగడ్డ పెట్టకూడదు. సిరా, పేస్టు, నువ్వులనూనె, కోడిగుడ్డు సొన, పసుపు, పేడ ఏవీ వద్దు. పిల్లలకైతే కాలిన భాగాన్ని మాత్రమే చల్లబరచండి, మిగతా ఒళ్ళు దుప్పటితో కప్పండి, లేకపోతే చలికి వణుకు పడుతుంది. ఆ తరువాత ఉతికిన పలచని గుడ్డ వదులుగా కప్పి బయలుదేరాలి. బొబ్బలు చితపకూడదు. గాయం రోగి అరచెయ్యంత కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మాంగాలు కాలినా, పసిపిల్లలైనా, ముసలివారైనా ఆస్పత్రికి రావలసిందే. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. చర్మం తెల్లగానో తోలులాగానో మారి నొప్పి తెలియకపోతే గాయం లోతైనదని అర్థం. టెటనస్ ఇంజెక్షను ఎప్పుడు తీసుకున్నారో డాక్టరుకి చెప్పండి.

షుగరున్న ఆయనకి

ఆయన పేరు తెలియదు గాని, ఇటువంటి పెద్దమనుషులు నా ఓ.పీ.కి రోజుకి పది మంది వస్తారు. ఒకాయన బెల్లం తింటే షుగరు రాదంటాడు. ఇంకొకాయన తాటిబెల్లం, మరొకాయన తేనె. ఈయనది కాగిన పంచదార. బెల్లంలో అత్యధిక భాగం పంచదారలో ఉండే చక్కెరే. రంగూ వాసనా వేరు, రక్తంలోకి వెళ్ళాక ఊరు ఒక్కటే.

లెక్క వేసి చూద్దాం. తియ్యని డబ్బా పాలు 100 గ్రాములలో కలిపిన పంచదార రమారమి 44 గ్రాములు. పాలలోని సహజమైన చక్కెర దీనికి అదనం. 400 గ్రాముల డబ్బా అయితే 175 గ్రాముల పంచదార, సుమారు 1300 కేలరీలు. వడ్డించే పెద్ద చెంచాడు కారమెల్ 20 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 9 గ్రాముల పంచదార. ఒక ఆపిలు పండు తినేసరికి తెలియకుండానే అటువంటి చెంచాలు మూడు పోతాయి. అంటే 26 గ్రాములు. ఆరోగ్యవంతులు సైతం ఇలా కలుపుకునే చక్కెరను తమ కేలరీలలో పదో వంతు లోపు, అంటే రోజుకి 50 గ్రాముల లోపు ఉంచుకోవాలనీ, 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మనం పొద్దున రెండు కాఫీలతోనే ఆ ఖాతా తెరుస్తాం.

మరి ఆయన అసలు తినకూడదా? నేను అంత కఠినుణ్ణి కాదు. షుగరు అదుపులో ఉంటే, పండగపూట, భోజనం అయిన వెంటనే, టీ చెంచాడు కారమెల్ జామముక్కలకు అద్దుకు తింటే ఏ ప్రళయమూ రాదు. ఆ పూట అన్నం ఒక గుప్పెడు తగ్గించుకోమనండి. కాని అది పండగపూట మాటే. ఫ్రిజ్‌లో సీసా ఉన్నన్నాళ్ళూ పండగే అంటే ఒప్పుకోను. మూడు నెలల సగటు తెలిపే రక్తపరీక్ష ఈ మధ్య చేయించుకున్నారో లేదో ఆవిడ రాయలేదు. చేయించకపోతే ముందు ఆ పని చెయ్యమనండి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఇది ప్రాణం మీదికి వచ్చేది. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవారికి ఒక్కోసారి షుగరు పడిపోయి చెమటలు, వణుకు, తడబాటు వస్తాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు కంగారులో చేతికి దొరికిన తీపి పెడతారు. కారమెల్, కోవా, చాక్లెట్టు ఆ సమయానికి పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా పోనివ్వదు. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. అకార్బోజ్, వోగ్లిబోజ్ అనే మాత్రలు వేసుకునేవారికి పంచదార కూడా సరిగ్గా పనిచెయ్యదు, ఎందుకంటే ఆ మాత్రల పనే పంచదారను పేగులో విడగొట్టకుండా ఆపడం. వారింట్లో గ్లూకోజు పొడి ఉండాలి. మీ మాత్రల చీటీ మీద ఆ పేర్లున్నాయేమో ఇప్పుడే లేచి చూడండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పొయ్యకూడదు. పొలమారి ఊపిరి తిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

ఏడో నెల పసివాడు

వాడికి వద్దు. వేలితో నాకించడమూ వద్దు. రెండేళ్ళ లోపు పిల్లల తిండిలో పంచదార కలపనే కూడదు. తీపి మరిగిన నాలుక ఆ తరువాత పప్పన్నాన్నీ కూరగాయనీ ఉమ్మేస్తుంది. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా వెయ్యకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషాన్ని తయారుచేసి పిల్లవాణ్ణి చేష్టలుడిగిపోయేలా చేస్తుంది.

డబ్బా పాలకూ పసిపిల్లలకూ ఒక పాత కథ ఉంది, ఇప్పటివారికి తెలియదు. సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ జమైకాలో పుట్టి, ఆఫ్రికాలో పనిచేసి, మాంసకృత్తులు చాలక పిల్లలకు వచ్చే క్వాషియోర్‌కర్ అనే జబ్బును 1933లో వైద్యలోకానికి తెలియజెప్పింది. తరువాత సింగపూరు వెళ్ళింది. అక్కడ తియ్యని డబ్బా పాలను తల్లిపాలకు సాటి అని ప్రచారం చేసి అమ్ముతుంటే, వాటితో పెరిగిన పసివాళ్ళు కళ్ళముందే చిక్కి చనిపోవడం చూసింది. 1939లో అక్కడి రోటరీ క్లబ్బులో పెద్దమనుషులందరి ముందూ నిలబడి 'పాలు - హత్య' అనే మకుటంతో ఉపన్యాసం ఇచ్చింది. పసివాళ్ళకి పనికిరాని పాలను అంటగట్టడం హత్యతో సమానమని మొహమాటం లేకుండా చెప్పేసింది. ఎనభై ఏళ్ళు దాటినా, డబ్బా పాలు బలమని నమ్మి, నీళ్ళు కలిపి సీసాలో పోసి పట్టే తల్లులు నాకు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. ఆ డబ్బా మిఠాయి చెయ్యడానికి, బిడ్డను పెంచడానికి కాదు.

అయిదో నెల అమ్మాయి

ఈమె విషయంలో నాకు రెండు ఆలోచనలున్నాయి. మొదటిది షుగరే. తండ్రికి షుగరుంది. మన దేశపు స్త్రీలకి గర్భంతో ఉన్నప్పుడు షుగరు రావడం ఎక్కువ. ఆరో నెల చివర, అంటే 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత రక్తం పరీక్ష చేస్తారు. 140 అయినా, అంతకు మించినా జాగ్రత్త పడాలి. మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే ఒకసారి చేయించుకుని ఉంటే మరీ మంచిది. ఆమె అమెరికా వెళ్ళేలోగా ఆ తేదీ వస్తే ఇక్కడే చేయించండి. అప్పటిదాకా రెండు పూటల కారమెల్ ఆపి, వారానికొకసారికి దించమనండి. "వేవిళ్ళ తరువాత ఇప్పుడే కాస్త నోటికి రుచి తెలుస్తోంది" అని ఆవిడ ఉత్తరం చివర రాశారు. తల్లి మనసు, అర్థమవుతుంది. రుచికి నిమ్మకాయ పులిహోరా, పెరుగుపచ్చడీ కూడా ఉన్నాయి గదా.

రెండోది లిస్టీరియా అనే సూక్ష్మజీవి. 2014 చివర అమెరికాలో కొందరు మెదడువాపు లక్షణాలతో, జ్వరాలతో ఆస్పత్రుల్లో చేరారు. ఆరా తీస్తే తిన్నది పుల్ల గుచ్చిన కారమెల్ ఆపిళ్ళు. 12 రాష్ట్రాల్లో 35 మందికి సోకింది, 34 మంది ఆస్పత్రి పాలయ్యారు, 7 మంది మరణించారు. వారిలో కనీసం ముగ్గురి చావుకి ఈ వ్యాధి కారణమని తేలింది. 35 మందిలో 11 కేసులు గర్భానికి సంబంధించినవి, ఒక బిడ్డ కడుపులోనే పోయింది.

శాస్త్రజ్ఞులు తల పట్టుకున్నారు. ఆపిలు పుల్లనిది, అందులో ఈ క్రిమి పెరగదు. కారమెల్ చిక్కని తీపి, అందులోనూ పెరగదు. మరి రెండూ కలిస్తే ఎలా పెరిగింది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు 2015లో దాని గుట్టు విప్పారు. పుల్ల గుచ్చినప్పుడు పండులోని రసం ఊరి, తొక్కకీ కారమెల్‌కీ మధ్య పలచని పొరగా చేరుతుంది. ఆ సన్నని చోట తేమ దొరికి తొక్క మీది క్రిమి బతికి పెరుగుతుంది. పుల్ల గుచ్చి గది వేడిమిలో ఉంచిన పళ్ళలో కొద్దిరోజుల్లోనే వెయ్యి రెట్లయింది. పుల్ల లేనివాటిలో, చల్లని చోట ఉంచినవాటిలో పెరుగుదల చాలా నెమ్మది.

ఈ లెక్కన గిన్నెలో కారమెల్ పెట్టుకుని అప్పటికప్పుడు కోసిన ముక్కలు అద్దుకోవడమే మేలు. ఆపిళ్ళను కొయ్యకముందే ధారగా పారే నీటిలో చేత్తో రుద్ది కడగాలి. మైనం పూసిన పళ్ళయినా అంతే. ముక్కలు నిన్నటివి వద్దు. లిస్టీరియాకి ఒక దుర్గుణముంది, ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరుగుతుంది. గర్భిణికి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చినప్పుడు మామూలు పడిశమనుకుని వదిలెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. అంగట్లో పుల్ల గుచ్చి అమ్మే ఆపిళ్ళు అక్కడికి వెళ్ళాక కూడా ఈ కొద్ది నెలలూ మానుకోమనండి.

పళ్ళ సంగతి ఉత్తరంలో లేదు, కాని చెప్పకుండా ఉండలేను. స్వీడన్‌లో లుండ్ పట్టణం దగ్గర విపెహోల్మ్ అనే సంస్థలో మానసికంగా ఎదగని రోగుల మీద 1945 నుంచి పదేళ్ళ పాటు ఒక ప్రయోగం చేశారు. వారిలో కొందరికి అంటుకునే టాఫీలు రోజుకి 24 దాకా తినిపించారు. నోరు విప్పి కాదనలేనివారి మీద అలా చెయ్యడం నేరమని లోకం తరువాత అన్నది. న్యాయంగానే అన్నది. అయితే వారి బాధ వల్ల తెలిసిన సంగతి దంతవైద్యులు నేటికీ చెబుతారు: పళ్ళు పుచ్చడం చక్కెర ఎంత తిన్నామనే దాని కంటే, అది పళ్ళకి ఎంతసేపు, ఎన్నిసార్లు అంటుకుందనే దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కాబట్టి మనవలకి కారమెల్ పెట్టదలిస్తే భోజనంతో పాటు ఒక్కసారి పెట్టి, తరువాత నీళ్ళు పుక్కిలించమనండి. హోంవర్కు చేసుకుంటూ సాయంత్రమంతా ముంచుకు తినడం మాన్పించండి.

ఇక కుక్కరు గురించి రెండు ముక్కలు. అందులో రాజ్మా గింజలు పచ్చివి వేసి రాత్రంతా వదిలేస్తారు కొందరు. ఎర్ర రాజ్మాలో ఒక సహజ విషముంది. స్లో కుక్కరు సన్నసెగ దాన్ని చంపకపోగా, సగం ఉడికిన గింజ పచ్చిదాని కంటే ఎక్కువ హాని చెయ్యగలదు. నాలుగైదు గింజలకే విపరీతమైన వాంతులు పట్టుకుంటాయి. అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్తనీళ్ళలో అరగంట సలసల మరిగించిన తరువాతే ఆ కుక్కర్లో వెయ్యాలి. మామూలు ప్రెషర్ కుక్కర్లో మెత్తగా ఉడికితే ఈ భయం లేదు.

డల్లాసు నుంచి వచ్చిన కుక్కరు 120 వోల్టులది. మనింటి కరెంటు 230. పిన్ను మార్చే చిన్న బిళ్ళ పెట్టి గోడకి తగిలిస్తే అది దాదాపు మూడున్నర రెట్ల పైగా వేడెక్కుతుంది. తీగ మాడిపోవచ్చు, ఇల్లు అంటుకోవచ్చు. అమ్మాయి ఎనిమిది గంటలు దానిని నడిపిందంటే వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కూడా తెచ్చుకునే ఉండాలి. అది కుక్కరు వాట్లకు సరిపోయేదో కాదో ఎలక్ట్రీషియను చేత ఒకసారి చూపించండి.